ఎర్ర పట్టీల చెప్పులు

ఉద్యోగం చేసినన్నాళ్ళూ నాకు ఒక కోరిక ఉండేది. అరిగిపోయిన చెప్పుల జత ఒకటి కళ్ళారా చూడాలని. నవ్వకండి, చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది. ప్రమోషన్ కోసం నేను ఎప్పుడూ ఎదురుచూడలేదు, అదీ రాలేదు. ఆ చెప్పుల కోసం మాత్రం ఏళ్ళ తరబడి చూశాను.

ఈమధ్య ఆరోగ్యశాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు ఇద్దరు మా ఇంటికి వచ్చి, "మీ రోజుల్లో సంగతులు చెప్పండి మేడం" అన్నారు. నేను మొదలుపెడితే ఆపడం కష్టమని మావారు వెనకనుంచి సైగ చేశారు గానీ పాపం వాళ్ళకి అర్థం కాలేదు. వాళ్ళ కాఫీలు చల్లారిపోయాయి. ఆ రోజు వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

నేను రేపల్లెలో కుష్ఠు నివారణ విభాగంలో పారామెడికల్ వర్కర్‌ని. ఎనభైల చివరి మాట ఇది. సైకిలు మీద ఊరూరా తిరగడం, ఒంటిమీద మచ్చలు చూడడం, మందు మింగించడం మా పని. మచ్చ కనబడితే కళ్ళు మూసుకోమని, దూదిపోగుతో తాకి, ఎక్కడ తగిలిందో వేలు పెట్టి చూపించమనేవాళ్ళం. చూపిస్తే మాకు ప్రాణం లేచొచ్చేది. కళ్ళు మూసుకునే ఉండి "ఇంకా తాకలేదేంటండి?" అని అడిగితే మాత్రం కార్డు తీసి పేరు రాసుకునేదాన్ని.

మందులు బాగా పనిచేసేవి. మందు మొదలుపెట్టాక ఆ మనిషి నుంచి ఇంకొకరికి అంటేది కాదు. కానీ అప్పటికే చచ్చుబడిన నరం తిరిగి రాదు. అరికాలికి స్పర్శ పోయిందంటే ముల్లు గుచ్చుకున్నా తెలియదు, నిప్పు తొక్కినా తెలియదు. పుండు పడుతుంది. నొప్పి లేదు కాబట్టి దానిమీదే నడుస్తారు. అది ఎముకదాకా పోతుంది, చివరికి కాలే తీసెయ్యాల్సి వస్తుంది. అందుకని గవర్నమెంటు వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పులు కుట్టించి ఇచ్చేది. పైన మెత్తటి రబ్బరు, కింద లారీ టైరు ముక్క, ఎక్కడా మేకు ఉండదు. పాత జత తెచ్చిస్తేనే కొత్త జత ఇవ్వాలని రూలు.

ఆ రూలుతో మాకు ఒక్కసారి కూడా పని పడలేదు. ఎవరూ వేసుకునేవాళ్ళు కాదు మరి. ఎక్కడ చూసినా ఒకటే మోడల్: నల్లటి పట్టీలు, వెడల్పాటి బకిల్. వీధి చివరనుంచి చూసి చిన్నపిల్లలు కూడా "అదిగో, పెద్దరోగం చెప్పులు" అని గుర్తుపట్టేసేవాళ్ళు. కాలు కాపాడుకోమని మేమిచ్చింది కాస్తా ఆ మనిషి మెడలో బోర్డు కట్టినట్టయ్యేది. చెరుకుపల్లి దగ్గర ఒకాయన కవరైనా విప్పకుండా అటకమీద దాచాడు. ఇంకొకావిడ గంపకింద పెడితే వాటిమీద కోడి పొదిగింది. ఒక టీచరుగారైతే మరీను! చెప్పులు సంచిలో తెచ్చుకుని, మా క్లినిక్కుకి ముందున్న తూము దగ్గర తొడుక్కుని, దర్జాగా నడిచొచ్చేవారు. వెళ్ళేటప్పుడు మళ్ళీ అక్కడే విప్పేవారు. ఒకరోజు నేను తూము అవతల కాపు కాసి పట్టుకున్నాను. "మీరు సీఐడీలో ఉండాల్సినవారమ్మా" అని నవ్వేశారాయన.

మా సూపర్‌వైజరుగారు మంచివారే గానీ, ఆయనకి ఉపన్యాసాల పిచ్చి. ఎవరింట్లో చెప్పులు కొత్తగా మెరుస్తూ కనబడినా అరగంట నిలబెట్టి చెప్పేవారు. తిరిగి వచ్చేటప్పుడు "జనంలో అవగాహన లేదమ్మాయ్" అంటూ మోపెడ్ స్టార్టు చేసేవారు. ఆయనకి మడమ నొప్పి, కుంటుతూ నడిచేవారు. దానికి కారణం మోపెడే అని ఆయన నమ్మకం.

ఇక కొండవాళ్ళ సంగతి. ఏటా వరికోతలకి ఉత్తరాన ఏజెన్సీ కొండలనుంచి ముఠాలు వచ్చేవి. తెనాలిలో దిగి రేపల్లె బండి పట్టుకుని మా డెల్టా పల్లెలన్నిటికీ సర్దుకునేవాళ్ళు. కొండల్లో ఈ జబ్బు ఎందుకు పోవడం లేదో వాళ్ళని చూస్తే నాకు అర్థమయ్యేది. అక్కడ జీపురోడ్డు ఎక్కడ ఆగితే మా శాఖ కూడా అక్కడే ఆగిపోయేది. ఇక్కడ మేము కోతల కాలమంతా వెంటబడి మందు మింగిస్తే, కొండెక్కాక మానేసేవాళ్ళు. మళ్ళీ ఏడు మళ్ళీ కొత్త మచ్చలు. మేము తక్కువవాళ్ళమా? ఒక ఏడు, మాత్ర వేసుకుంటే మూత్రం ఎర్రగా వస్తుందని ముందుగా చెప్పడం మర్చిపోయాం. మర్నాటికల్లా ముఠా మొత్తం రైలెక్కేసింది. ఆ తరవాతనుంచి మా జీపు చప్పుడు వింటే చాలు, కొడవళ్ళు పారేసి కాళ్ళకి బుద్ధి చెప్పేవాళ్ళు.

ఆ తరవాతి ఏడు పిట్టలవానిపాలెం వైపు ఒక పెద్ద రైతు పొలంలో ముఠా దిగిందని తెలిసింది. జీపు వద్దని, సైకిలు మీద నేనొక్కదాన్నే వెళ్ళాను. ముఠాలో ఒకామె, ముప్పై లోపే ఉంటుంది, అందరికంటే ముందు కోసుకుపోతోంది. చేతికీ నోటికీ విరామం లేదు, ఆమె ఏదో అనడం, మిగతావాళ్ళు విరగబడి నవ్వడం. నీళ్ళు తాగడానికి గట్టెక్కి నావైపు వచ్చింది. ఆమె నడిచిన గట్టుమీద అడుగడుక్కీ ఎర్రటి మరక.

"ఏమ్మా, కాలు తెగిందా?" అన్నాను.

"ఎవలికి?" అని వెనక్కి తిరిగి చూసింది.

కూర్చోబెట్టి చూస్తే అరికాల్లో వరికొయ్య దిగి విరిగిపోయి ఉంది. పక్కనే పాత పుండు ఒకటి. నేను పట్టకారుతో ఆ కొయ్య లాగుతుంటే, అది తన కాలు కానట్టు వంగి తమాషాగా చూసింది. వీపు మీద రాగిరంగు మచ్చలు. అనుమానం ఏమీ లేదు.

"నెప్పి తెలీదమ్మా నాకు. మంచిదే గందా, ఎంత దూరమైనా నడిసేత్తాను" అంది గర్వంగా.

నేను మెత్తగా చెప్పే మనిషిని కాదు. "మంచిది కాదు తల్లీ. ఈ పుండు మానకపోతే నీ కాలు తీసేస్తారు" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. కాలు రెండు చేతులతో పట్టుకుంది.

"మా కొండకి రోడ్డు నేదమ్మా. కాలు నేకపోతే నాను కొండెలా దిగుతాను, ఎలా ఎక్కుతాను?"

మందు మొదలుపెట్టి, మర్నాడే చెప్పులు తెచ్చిచ్చాను. పుట్టి బుద్ధెరిగాక ఆమె చెప్పులు వేసుకోవడం అదే మొదలు. "నాకేనా? మళ్ళీ ఇచ్చీనక్కర్నేదా?" అని రెండుసార్లు అడిగింది. తొడుక్కుని, కొంగు నడుముకి దోపుకుని, రైతుగారి ఊరి నడివీధిలో ఆ చివరనుంచి ఈ చివరకి నడిచింది. నా సర్వీసులో మా చెప్పులు వేసుకుని వీధి మధ్యలో నడిచిన మొదటి మనిషి ఆమె! నేను సైకిలు నడిపించుకుంటూ వెనకాలే వెళ్ళి మురిసిపోయాను. ఆ మురిపెం మర్నాటిదాకా కూడా నిలవలేదు.

మర్నాడు వెళ్ళేసరికి ముఠా అంతా పని లేకుండా కాలవగట్టు మీద కూర్చుని ఉంది. ఊరంతా ఆ చెప్పుల్ని చూసింది, గుర్తుపట్టింది. రైతుగారి భార్యది ఆ ఊళ్ళో అందరికంటే పెద్ద నోరు. నేను ఊళ్ళో ఉన్న రోజు మాత్రం నాదీ ఆవిడదీ సమానం. "పెద్దరోగం మనిషిని నా కళ్ళంలోకి తెస్తావా!" అని ఆవిడ ముఠా మేస్త్రిని దులిపేసిందట. మేస్త్రి ఈమె మీద పడ్డాడు, ఆ చెప్పులు పారేస్తావా, ముఠా వదిలి పోతావా అని. నేను వెళ్ళేసరికి ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని, వట్టి కాళ్ళతో నిలబడి ఉంది.

"ఇయి ఏసుకుంటే పని నేదంట. ఇప్పీసితే కాలు నేదంటావు నువ్వు. నన్నేటి సేయమంటావమ్మా?"

నాకు కోపం తన్నుకొచ్చింది, ఊరిమీదా, మేస్త్రిమీదా, అన్నిటికంటే ఎక్కువ ఆ నల్ల పట్టీల మీద.

"ఎల్లుండిదాకా ఆగు బాబూ, నేనేదో ఒకటి చేస్తాను" అన్నాను మేస్త్రితో.

"ఎల్లుండిదాకానే మేడం. అప్పటికీ తేలకపోతే ఈమెని రైలెక్కించేస్తాను. అందరి కూలీ పోతే ఎలాగండి?" అన్నాడు. అతని బాధ అతనిది, ఏమంటాను.

మా చెప్పులు కుట్టేది తెనాలిలో ఒక పెద్దాయన. మర్నాడు పొద్దున్నే తెనాలి బండి ఎక్కాను. సూపర్‌వైజరుగారికి కూడా ఆ రోజు అక్కడే మీటింగు, నా వెంటే షాపుకి వచ్చారు. షాపు ముందువైపు అద్దాల బీరువాలో ఊళ్ళో ఆడవాళ్ళకి కుట్టినవి, వెనక మూల మావి.

"బాబాయ్, ఈ దిక్కుమాలిన నలుపు ఎవరు కనిపెట్టారు?"

"గవర్నమెంటు శాంపిలమ్మా. అలాగే కుట్టమన్నారు, అలాగే కుడుతున్నా."

బీరువాలో ఎర్రటి పట్టీలకి బంగారు రంగు అంచు ఉన్న జత ఒకటి తళతళలాడుతోంది. అదేంటంటే పెళ్ళికూతుళ్ళ మోడలన్నాడు. "అయితే కింద టైరు, మధ్యలో మన రబ్బరు, పైన ఈ పెళ్ళికూతురు. ఇప్పుడే మొదలెట్టు" అన్నాను.

"అమ్మబాబోయ్! లారీ టైరుకి బంగారు అంచా? తెనాల్లో నా పరువేం కావాలి?"

"నీ పరువు సంగతి నేను చూసుకుంటాను. ముందు సూది తియ్యి."

సూపర్‌వైజరుగారు అడ్డం పడ్డారు. "అమ్మాయ్, శాంపిలు మార్చడానికి మనమెవరం? పైనుంచి ఆర్డరు రావాలి." నేను వాదించలేదు. నల్ల జత ఒకటి తీసి ఆయన ముందు పెట్టి, "ఒక్కసారి తొడిగి నడవండి సార్" అన్నాను. ఇన్నేళ్ళుగా ఊరందరికీ వాటిమీద ఉపన్యాసాలిచ్చిన మనిషి, ఒక్కసారి కాలు పెట్టి చూడలేదు. మొహమాటంగా తొడిగారు. షాపు ఆ గోడదాకా నడిచారు, ఈ గోడదాకా నడిచారు. మళ్ళీ ఆ గోడదాకా వెళ్ళారు. కుంటడం లేదు! గొంతు తగ్గించి, "ఏమయ్యా, మగవాళ్ళకి బ్రౌన్ రంగులో వస్తుందా?" అన్నారు. ఆర్డరు వచ్చేసిందని నేనూ బాబాయీ మొహాలు చూసుకున్నాం.

సాయంత్రానికల్లా మూడు జతలు తయారయ్యాయి. కొండమ్మాయికి ఎరుపు, మా సార్‌కి బ్రౌన్. మూడోది ఆకుపచ్చ పట్టీలతో, కొంచెం వెడల్పు పాదానికి. రైతుగారి భార్య పెరట్లో మునివేళ్ళమీద నడవడం నేను అంతకుముందే చూశాను. మడమ నొప్పి ఉన్నవాళ్ళని పట్టెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి అరుగుమీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే మొహం అటు తిప్పుకుంది.

"అత్తయ్యగారూ, మడమ ఎలా ఉందండి?"

"ముందా మనిషిని ఊళ్ళోంచి పంపించెయ్. నా మడమ సంగతి నీకెందుకే?"

"ఇవి ఒక్కసారి తొడగండి. తరవాత తీరిగ్గా తిడుదురుగాని."

ఆకుపచ్చ పట్టీలు, బంగారు అంచు. తిట్టబోయిన ఆవిడ కళ్ళు వాటిమీదే ఆగిపోయాయి. తొడుక్కుంది. వసారా చివరిదాకా వెళ్ళి వచ్చింది. మెట్లు దిగి వాకిట్లో ఒక చుట్టు తిరిగింది. "ఇదేంటే, దూది తొక్కినట్టుంది! ఎక్కడివే ఇవి?" అంది. ఆ గొంతులో కోపం ఎటు పోయిందో పోయింది.

అప్పుడు నేను ఆలోచనలో పడ్డాను. నోరు మూసుకుని వచ్చేస్తే సరిపోతుంది, ఆ రంగు చూసి ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఎప్పటికైనా ఆవిడకి తెలుస్తుంది. తెలిసిన రోజున మళ్ళీ ఆ కొండమ్మాయి మీదే పడుతుంది. ఏమైతే అదయిందని చెప్పేశాను. "మా ఆఫీసువే అత్తయ్యగారూ. ఆ కొండమ్మాయికిచ్చిన రబ్బరే, ఆ టైరే. పట్టీలు మాత్రమే వేరు."

ఆవిడ నడక ఆగిపోయింది. వాకిలి పక్కన కళ్ళంలో కాచుకుని ఉన్న మేస్త్రీ, ముఠా అంతా మావైపే చూస్తున్నారు. ఆ చెప్పులు నా మొహాన పడతాయని రెండడుగులు వెనక్కి వేశాను. ఆవిడ తన పాదాలవైపు చూసుకుంది, తరవాత నావైపు చూసింది.

"ఆ పిల్ల మందు మింగిందా?"

"మింగిందండి."

"ఎవరు చూశారు?"

"నా ఎదురుగానే మింగింది. ఇక అంటదండి. ఇన్నేళ్ళనుంచి వాళ్ళ కాళ్ళు నా చేతుల్తో కడిగి కట్లు కడుతున్నాను. నన్ను చూడండి, నాకేమైనా అయిందా? ఇంకా లావెక్కాను."

నన్ను పైనుంచి కిందికి చూసి ఆవిడ పకపకా నవ్వేసింది. "లావు మాట నిజమేలే" అంది. ఆ నవ్వుతోనే, "రబ్బరుకేం తెలుసే ఎవరి కాలో! నా మడమకి సుఖంగా ఉంది. నేను విప్పను" అని గబగబా కళ్ళంలోకి నడిచింది. "ఏయ్ పిల్లా, ఇలా రా. ఆ మేడం నీకేం తెచ్చిందో చూడనీ" అని కొండమ్మాయిని అందరి ముందూ తన పక్కకి పిలిచింది.

నేను కింద కూర్చుని ఆమెకి ఎర్ర చెప్పులు తొడిగాను. రైతుగారి భార్య ఒకసారి తన కాళ్ళకేసి, ఒకసారి ఆమె కాళ్ళకేసి చూసి నామీద ఇంతెత్తున లేచింది. "దానికి ఎరుపు తెచ్చి నాకు ఆకుపచ్చ తెస్తావా? వయసులో పెద్దదాన్ని, నన్నడగొద్దూ!" ఆ కోపం చూశాక నాకు ప్రాణం కుదుటపడింది. మేస్త్రివైపు తిరిగి, "ఏమయ్యా, గుడ్లప్పగించి చూస్తావేంటి? కాలు మానేదాకా దీన్ని కోతకి దింపకు. నీడపట్టున కూర్చుని మినుములు బాగుచేస్తుంది. కూలి మాత్రం అందరితో సమానం" అని హుకుం జారీ చేసింది.

తరవాత జరిగిందంతా సంబరమే. ఆ ఊరి ఆడవాళ్ళు నలుగురు, పక్కూరి వాళ్ళు పదిమంది, అలా అలా తెనాలికి ఆర్డర్లు వెళ్ళాయి. పరువు పోతుందన్న బాబాయే, వాటిని అద్దాల బీరువాలో పెట్టి 'రేపల్లె మోడల్' అని బోర్డు రాయించాడు. తూము దగ్గర చెప్పులు మార్చుకునే టీచరుగారు ఇంటిదగ్గరనుంచే బ్రౌన్ జత వేసుకుని రావడం మొదలుపెట్టారు. ఎవరి కాలికి ఎందుకున్నాయో పిల్లలకి గుర్తుపట్టడం చేతకాలేదు. తనిఖీకి వచ్చిన పై ఆఫీసరొకాయన కూడా బజారులో అందరి కాళ్ళకీ మా టైరు చెప్పులు చూసి, "ఇక్కడ ఇంతమంది పేషెంట్లున్నారా!" అని హడలిపోయాడు. మా సార్ తన కాళ్ళు కుర్చీకింద దాచుకున్నారు.

కోతలైపోయి ముఠా వెళ్ళేనాటికి ఆమె పుండు సగానికి తగ్గింది. స్టేషన్లో మందులిచ్చి, అవి అయిపోయాక కొండ కింద సంతలో మా శాఖ మనిషి ఇస్తాడని, నెల తప్పొద్దని చెప్పాను. "తప్పనమ్మా" అంది. అందరూ అనేమాటే కదా. ఆ సంతలో పనిచేసే అతనికి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఎర్ర చెప్పులు మురిపెంగా చుట్టి ఏ చూరులోనో దోపి ఉంటుందనీ, పుండు మళ్ళీ తిరగబెట్టి ఉంటుందనీ ఆ ఏడాదంతా నా మనసు పీకుతూనే ఉంది.

మళ్ళీ కోతలొచ్చాయి. ముఠా వస్తోందని తెలిసి నేనూ మా సారూ రేపల్లె స్టేషనుకి వెళ్ళాం. బండి ఆగింది. ఆమె దిగింది. నా చూపు సూటిగా కాళ్ళమీదికే పోయింది. చెప్పుల్లేవు. రెండు కాళ్ళకీ గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి.

ఏడాది బెంగంతా తిట్లుగా బయటికొచ్చింది. "చెప్పులేవే? పెళ్ళికూతురి చెప్పులని దాచిపెట్టుకున్నావా? కాలు ఏం చేసుకున్నావో చూడు! నేను చిలక్కి చెప్పినట్టు చెప్పానే!" ప్లాట్‌ఫారం మీద జనమంతా ఆగి చూస్తున్నారు. ఆమె నా తిట్లన్నీ అయ్యేదాకా నవ్వుతూ నిలబడింది. తరవాత మూట విప్పి చెప్పుల జత తీసింది.

అవి ఎర్రవని చెబితే తప్ప తెలియదు. బంగారు అంచు ఒక్క పోగు మిగిలింది. ఒక పట్టీని అడవితీగతో ముడేసింది. రెండోది పూర్తిగా తెగిపోయింది. మడమ దగ్గర లారీ టైరు కూడా అరిగి, వేలు పెడితే అవతలికి కనబడుతోంది.

"రైల్లో తెగిపోనాదమ్మా. ఒట్టికాల్తో నడవొద్దన్నావు గందా, అందుకని గుడ్డలు సుట్టుకున్నాను" అంది. బెంచీమీద కూర్చుని గుడ్డలు విప్పింది. అరికాలు చేతుల్లోకి తీసుకుని చూశాను. పుండు ఉన్నచోట ఆరిపోయిన గట్టి మచ్చ, అంతే.

"ఇంతలా ఎలా అరగ్గొట్టావే వీటిని?"

"మందుకి సంతకి దిగాను, ఎక్కాను. ఒక్క నెలా తప్పనేదు. మా పక్క కొండలకీ ఎల్లినాను. కాలు తెలీనోలు ఉన్నారమ్మా అక్కడ. మందంటే పారిపోతారు. ఈ సెప్పులు సూపించి పిలుసుకొచ్చాను."

అప్పుడు చూశాను ఆమె వెనక. ఆడా మగా కొందరు, బెరుగ్గా గుంపుగా నిలబడి ఉన్నారు. ఎవరి చేతుల్లోనూ కొడవళ్ళు లేవు. ఎవరూ పారిపోవడం లేదు. వాళ్ళలో ఒక ముసలాయన నేను అడక్కుండానే కర్ర ఆనుకుని తన కాలెత్తి నాకు చూపించాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసొచ్చేశాయి, రెంటినీ ఆపుకోలేదు.

"అమ్మా, ఈలందరికీ ఎర్రయే కావాలంట. నాకు మాత్రం ఈసారి రైతమ్మగారి మాదిరి పచ్చయి" అంది ఆమె.

"ఆవిడ నీ మాదిరి ఎర్రవి కుట్టించుకుంది. మీరూ మీరూ తేల్చుకోండి" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

మా సూపర్‌వైజరుగారు ముందుకొచ్చారు. ఉపన్యాసం లేదు, అవగాహన లేదు. వంగి, బెంచీమీద ఉన్న ఆ అరిగిన జతని రెండు చేతులతో తీసుకున్నారు. "పాత జత తెచ్చిస్తేనే కొత్త జత కదమ్మాయ్. తెచ్చిచ్చింది చూశావా!" అన్నారు. సంచిలో పెడతాను ఇలా ఇవ్వండి సార్ అంటే ఇవ్వలేదు. మోపెడ్ స్టేషన్ దగ్గరే వదిలేసి, ఆ పెద్దరోగం చెప్పుల్ని అందరికీ కనబడేలా చేతుల్లో పట్టుకుని, రేపల్లె బజారు మధ్యలోంచి ఆఫీసుదాకా నడిచారు. ఆయన వెనక మేమందరం నడిచాం.